మూసిన ఫిర్యాదు – తీరని లోపం

కార్యాలయాల చుట్టూ తిరిగినవారికి ఒక మాట బాగా పరిచయం. అర్జీ మీద "ముగించడమైనది" అని వ్రాసి, సంతకం చేసి, కట్టలో పెట్టి తాడు బిగిస్తారు. అర్జీదారు కష్టం తీరినా ఆ మాటే, తీరకపోయినా ఆ మాటే. కష్టం తీరడం మనిషికి సంబంధించినది. ఫైలు ముగియడం కాగితానికి సంబంధించినది. ఈ రెండింటికీ నడుమ ఎంత దూరమున్నదో, ఆ దూరాన్ని మర్యాద తప్పకుండా ఎట్లా ప్రశ్నించవచ్చునో మన విద్యార్థులతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. గత విద్యాసంవత్సరంలో మన కంప్యూటరు గదిలో నడిచిన ఒక వ్యవహారమే ఇందుకు ఆధారం.

మేము తెలుగు బోధించేవారము. కంప్యూటరు గది పర్యవేక్షణ మాకు అదనపు బాధ్యతగా సంక్రమించినది. కావున యంత్రాల సంగతి అవసరమైనంత వరకే చెబుతాము.

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టం అనేది ప్రధాన నిర్వాహకుడు. కీబోర్డు మీద నొక్కిన అక్షరం తెర మీదికి రావాలన్నా, వ్రాసిన పాఠం భద్రంగా ఉండాలన్నా, ఎవరి ఖాతా వారికి తెరుచుకోవాలన్నా అన్నీ దాని చేతి మీదుగానే జరగాలి. దానిని తయారుచేసినవారు ఎప్పటికప్పుడు లోపాలను సవరించి, దొంగలు చొరబడే సందులను పూడ్చి, కొత్త కూర్పును ఇంటర్నెట్టు ద్వారా పంపుతూ ఉంటారు. దీనినే అప్‌డేటు అంటారు. కాపురమున్న ఇంటికి పైకప్పు మార్చడం వంటి పని ఇది. పాతది తీసివేసిన తరువాత, కొత్తది పూర్తిగా పడకముందే పని ఆగిపోతే ఇంటివారు ఆకాశం కింద నిలబడవలసివస్తుంది.

మన గదిలో కంప్యూటర్లు 20. కమిటీ పెద్దలు దాతలను ఆశ్రయించి, ఒకేసారి, ఒకే రకానివి కొనియిచ్చారు. వాటిలో నడిచేది ధర చెల్లించనక్కరలేని వ్యవస్థ. దేశదేశాల స్వచ్ఛంద కార్యకర్తలు కలిసి తయారుచేసేది. 8 కంప్యూటర్లలో అందరికీ కలిపి ఒకే ఖాతా ఉన్నది. మిగిలిన 12 కంప్యూటర్లలో తృతీయ సంవత్సరం విద్యార్థులకు ఎవరి ఖాతా వారికి తెరిచాము. ఖాతా లోపలి గుర్తు ఆంగ్ల అక్షరాలలో ఉండాలి గాని, తెర మీద కనిపించే పూర్తి పేరును ఏ లిపిలోనైనా వ్రాసుకోవచ్చునని ఆ వ్యవస్థ నియమావళి స్పష్టంగా చెబుతున్నది. అందుచేత తెలుగు మాధ్యమం పిల్లలు తెలుగులోను, ఉర్దూ మాధ్యమం పిల్లలు ఉర్దూలోను తమ పేర్లు వ్రాసుకున్నారు. తమ పేరు తమ లిపిలో తెర మీద కనిపించినప్పుడు ఆ పిల్లల ముఖాలలో కలిగిన సంతోషాన్ని మేము చూచియున్నాము. హాజరు పట్టీలోను, పరీక్ష హాలు టికెట్టులోను ఆంగ్ల అక్షరాలలోనే పేరు చూచుకుంటూ వచ్చినవారికి అది చిన్న విషయం కాదు.

డిసెంబరు నెలలో ఒక శనివారం సాయంత్రం కొత్త కూర్పు వచ్చింది. అన్ని యంత్రాలలోను అప్‌డేటు మొదలుపెట్టాము. సోమవారం ఉదయం గది తెరిచేసరికి 8 కంప్యూటర్లు సిద్ధంగా ఉన్నవి. 12 కంప్యూటర్లలో నల్లని తెర, దాని మీద రెండు పంక్తుల తెల్లని అక్షరాలు. ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా అంతే. తృతీయ సంవత్సరం వారి ప్రాజెక్టు నివేదికలు విశ్వవిద్యాలయానికి చేరవలసిన గడువు ఇంకా 11 రోజులు. ఆ నివేదికలన్నీ ఆ పన్నెండింటిలోనే ఉన్నవి. ఇంట్లో మరొక కంప్యూటరు ఉన్న విద్యార్థులు వారిలో వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది.

ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. చదువుతున్న ఒక విద్యార్థిని ధైర్యం చెప్పింది. "సార్, లోపల ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. తలుపు తెరుచుకోవడం లేదు, అంతే" అన్నది. పెన్ డ్రైవులో మరొక కూర్పు ఎక్కించి, దాని ద్వారా యంత్రాన్ని నడిపి, మంగళవారం సాయంత్రానికల్లా అందరి ఫైళ్ళనూ బయటికి తీసింది. అప్పటికి మా మనసు కుదుటపడింది.

ఆ రాత్రే ఫిర్యాదు వ్రాశాము. ఈ వ్యవస్థలకు ఫిర్యాదుల పుస్తకం బహిరంగంగానే ఉంటుంది. ఎవరైనా లోపాన్ని వ్రాయవచ్చును. ప్రతి ఫిర్యాదుకు ఒక సంఖ్య ఇస్తారు. యంత్రాల వివరాలు, అప్‌డేటు ఆగిపోయిన స్థలం, యంత్రం తనంతట తాను వ్రాసుకునే దినచర్య, అన్నీ జతపరిచాము. శనివారం నాటికి జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. అప్‌డేటు నడుస్తుండగా విద్యుత్తు పోయి ఉండవచ్చునని ఒకటి. తమ వద్ద ఈ లోపం కనిపించలేదు గనుక ఫిర్యాదును మూసివేస్తున్నామని మరొకటి.

"మా వద్ద బాగానే పనిచేస్తున్నది" అన్న జవాబు ఈ రంగంలో కొత్తది కాదు. 1998లో మొజిల్లా సంస్థ వారు బగ్‌జిల్లా అనే ఫిర్యాదుల పుస్తకాన్ని లోకానికి విడుదల చేశారు. ఫిర్యాదును ఏ కారణంతో మూసినదీ చెప్పడానికి అందులో కొన్ని ముద్రలు ఏర్పడినవి. సరిచేశాము, ఇది లోపమే కాదు, సరిచేయము, ఇది పాత ఫిర్యాదే, అన్న వాటితో పాటు "వర్క్స్ ఫర్ మీ" అన్న ముద్ర కూడా ఉన్నది. నా వద్ద పనిచేస్తున్నది అని దాని అర్థం. ఈ అయిదింటిలో మొదటి దానిలోనే లోపం తీరుతుంది. కాని ఏ ముద్ర పడినా ఫిర్యాదు లెక్కలో ముగిసినట్లే.

ఇక్కడ అవతలివారి పక్షాన కూడా ఒక మాట చెప్పడం న్యాయం. ఫిర్యాదులు చూచేవారిలో అనేకులు జీతం లేక, తమ తీరిక సమయంలో ఆ పని చేసేవారు. ముందున్న ఫిర్యాదులు వేలు. వాటిలో "నా కంప్యూటరు పనిచేయడం లేదు" అని ఒక్క వాక్యం వ్రాసి ఊరుకున్నవే ఎక్కువ. తాను చూడలేని లోపాన్ని ఎవరూ సరిచేయలేరు. కావున మాకు వచ్చిన జవాబులో దురుద్దేశం ఉన్నదని మేము అనడం లేదు. ఒక ఊహను నిర్ణయంగా వ్రాశారని మాత్రం అంటున్నాము. విద్యుత్తు పోయి ఉండవచ్చుననేది ఊహ. మా గదికి యూపీఎస్ ఉన్నదన్న సంగతి ఫిర్యాదులోనే ఉన్నది. పైగా, విద్యుత్తు పోతే ఇరవైకీ పోవాలి. పన్నెండింటిని ఏరుకొని పోదు గదా!

ఆ దశలో మా శ్రేయోభిలాషులు ఒక సులభోపాయం చెప్పారు. "పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చి మళ్ళీ ఎక్కించండి, గంటలో పని అయిపోతుంది" అన్నారు. లోపం పేర్లలో ఉండవచ్చునన్న అనుమానం అప్పటికే మన గదిలో మొలకెత్తింది. పని జరగాలి గనుక ఆరు యంత్రాలలో అట్లాగే చేశాము; అవి నడిచినవి. నివేదికలు గడువులోగా చేరినవి. అయినా ఫిర్యాదును వదలిపెట్టడానికి మా మనసు ఒప్పుకోలేదు. పేరు ఏ లిపిలోనైనా వ్రాసుకోవచ్చునని నియమావళిలో చెప్పి, వ్రాసుకున్నవారి తలుపు మూసివేసే యంత్రాన్ని చూచి, తప్పు పేరుదని ఒప్పుకోవడం ఎట్లా? ఉపాయం దొరికినది గదా అని ఊరుకుంటే, రేపు మరొక కళాశాలలో మరొక నల్లని తెర ఎదుట పిల్లలు నిలబడతారు.

మన ఉర్దూ శాఖలోని పెద్దవారొకరు ఈ సంగతి విని, "అర్జీ కొట్టివేశారని కోపం ఎందుకు సాబ్? కొట్టివేసిన కారణం మీదనే మళ్ళీ అర్జీ పెట్టండి" అన్నారు. ఆయన తండ్రిగారు కచేరీలో గుమాస్తాగా పనిచేసినవారు. ఆ సలహాయే మాకు దారి చూపినది. అవతలివారు చెప్పిన కారణాలు రెండు. విద్యుత్తు కారణం కాదని చూపాలి. లోపం వారి వద్ద కూడా కనిపించేటట్లు చేయాలి. అంతకు మించి ఒక్క మాట కూడా అనవసరం.

మొదట దినచర్యను చదివాము. వేల పంక్తులున్న ఆ కాగితంలో పనికివచ్చినవి మూడే పంక్తులు. ఖాతాల జాబితాను చదువుతూ, ఒక సంకేతం అర్థం కాక పని ఆపివేసినట్లు యంత్రమే వ్రాసుకున్నది. కొన్ని యంత్రాలలో ఆ సంకేతం విలువ 224. మరికొన్నింటిలో 216, 217. ఈ సంఖ్యల అర్థం తెలియడంతో చిక్కుముడి విడిపోయింది.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ అనే ప్రమాణంలో 128 స్థానాలే ఉన్నవి. ఆంగ్ల అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, కొన్ని యంత్రాజ్ఞలు, అంతటితో సరి. తెలుగుకుగాని ఉర్దూకుగాని అందులో చోటు లేదు. 1991లో యూనికోడ్ మొదటి కూర్పు వచ్చి, ప్రపంచ లిపులతో పాటు తెలుగు లిపికి, ఉర్దూ వ్రాసే అరబీ లిపికి ప్రత్యేక స్థానాలు కేటాయించింది. మరుసటి సంవత్సరం కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు యూటీఎఫ్-8 అనే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు, ఉర్దూ అక్షరానికి రెండు, తెలుగు సంకేతానికి మూడు పడతాయి. సల్మా అనే పేరును ఆంగ్ల అక్షరాలలో వ్రాస్తే 5 బైట్లు. తెలుగులో వ్రాస్తే సకారం, లకారం, పొల్లు, మకారం, దీర్ఘం కలిసి 5 సంకేతాలు, 15 బైట్లు. తెలుగు సంకేతం ఏదైనా దాని మొదటి బైటు విలువ 224. ఉర్దూ అక్షరాల మొదటి బైటు 216కు 219కు నడుమ ఉంటుంది. యంత్రం ఏ పేరు వద్ద ఆగినదో దాని దినచర్యలోనే వ్రాసి ఉన్నదన్న మాట. అప్‌డేటు నడిపే కార్యక్రమంలోని ఒక భాగం, లోకంలో 128 గుర్తులే ఉన్నవనుకొని జాబితాను చదువుతున్నది.

ఊహ బలంగానే ఉన్నది. కాని అవతలివారి ఊహను తప్పుపట్టినవారము, మన ఊహను మాత్రం నిర్ణయంగా పంపరాదు. అందుచేత పరీక్ష చేశాము. ఒకే యంత్రంలో పాత కూర్పును మళ్ళీ ఎక్కించి, ఆంగ్ల అక్షరాలలో ఒక పేరు వ్రాసి అప్‌డేటు చేశాము, నడిచింది. మళ్ళీ పాతది ఎక్కించి, అదే పేరును తెలుగులో వ్రాశాము, ఆగిపోయింది. ఉర్దూలో వ్రాశాము, ఆగిపోయింది. మళ్ళీ ఆంగ్లానికి మార్చాము, నడిచింది. ఇదంతా మరొక యంత్రంలో తిరిగి చేశాము. ఫైళ్ళు బయటికి తీసిన ఆ విద్యార్థిని, మరి ఇద్దరు మిత్రులు కలిసి మూడు రోజులు తరగతుల తరువాత కూర్చొని, వేళలతో సహా ఒక నోటుపుస్తకంలో వ్రాశారు.

ఈ సందర్భంలో వారికి ఒక పాత సంగతి చెప్పాము. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 అనే యంత్రంలో పనిచేసేవారు, దాని రిలేలో చిక్కుకున్న ఒక చిమ్మెటను పట్టి, దానినే దినచర్య పుస్తకంలో అంటించారు. ఆ పుట ఈనాటికీ వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికా చరిత్ర మ్యూజియంలో భద్రంగా ఉన్నది. యంత్రలోపాన్ని పురుగు అనడం అంతకు ముందునుండి ఉన్నదే. వారు చేసిన మంచి పని ఏమంటే, పురుగు ఉన్నదని వ్రాసి ఊరుకోక, పురుగునే చూపారు. ఫిర్యాదుకు అంతకు మించిన జత ఉండదు.

తరువాత మా ప్రత్యుత్తరం పంపాము. అందులో నాలుగు అంశాలే ఉన్నవి. ఒకటి, గదికి యూపీఎస్ ఉన్నది. ఒకే గదిలో, ఒకే వేళ, ఒకే రకం యంత్రాలలో 8 నడిచి 12 ఆగినవి, కావున విద్యుత్తు కారణం కానేరదు. రెండు, ఆగిన పన్నెండింటిలోను ఆంగ్లేతర లిపిలో పేర్లున్నవి, నడిచిన ఎనిమిదింటిలో లేవు. మూడు, దినచర్యలోని ఈ మూడు పంక్తులు చూడవలసినది. నాలుగు, మీ యంత్రంలో ఈ తెలుగు పేరుతో ఒక ఖాతా తెరిచి, ఈ అయిదు మెట్ల ప్రకారం అప్‌డేటు చేసి చూడగోరుతున్నాము. అప్పటికీ లోపం కనిపించకపోతే ఫిర్యాదును మూయడానికి మాకు అభ్యంతరం లేదు. కోపపు మాట ఒక్కటీ లేదు. ప్రాధేయపడిన మాట కూడా ఒక్కటీ లేదు.

తొమ్మిది రోజులు మౌనం. పదవనాడు మరొక దేశపు కార్యకర్త ఒకరు వ్రాశారు. తెలుగు పేరు పెట్టి చూచారట, ఆగిపోయినదట. అంతటితో ఊరుకోక, తన భాషలో నెత్తిన రెండు చుక్కలు పెట్టే అక్షరమున్న ఒక పేరు పెట్టి చూచారట, అదీ ఆగిపోయినదట. ఆ జవాబుతో మా ఫిర్యాదు మళ్ళీ తెరుచుకున్నది. సుమారు ఆరు వారాల తరువాత వచ్చిన కూర్పులో లోపం తీరింది. మార్చినది ఒకే ఒక్క పంక్తి. జాబితాను యూటీఎఫ్-8గా చదువుమని యంత్రానికి చెప్పడం, అంతే.

పేరు బహిరంగమైన ఒక ఉదంతం కూడా విద్యార్థులు తెలుసుకోదగినది. మైక్రోసాఫ్టు వారు 2018 అక్టోబరు 2న విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేటు విడుదల చేశారు. దానిని ఎక్కించుకున్న కొందరి ఫైళ్ళు మాయమైనవి. కొద్ది రోజులకే పంపిణీ ఆపి, లోపాన్ని సవరించి, నవంబరు 13న తిరిగి విడుదల చేశారు. నష్టం చెప్పుకున్నవారు పదివేలలో ఒకరని సంస్థవారే ప్రకటించారు. అయితే విడుదలకు ముందే, పరీక్షకులలో కొందరు ఫైళ్ళు పోతున్నవని వ్రాసియున్నారు. వారు కొద్దిమంది, వారి మాటను బలపరచినవారు ఇంకా కొద్దిమంది, ఆ ఫిర్యాదు గుంపులో కలిసిపోయింది. ఆ తరువాతనే, ఎంతమంది చెప్పారన్నదే కాక, కలిగిన నష్టం ఎంత తీవ్రమైనదో కూడా వ్రాసే ఏర్పాటును ఆ పుస్తకంలో చేర్చారు. చెప్పేవారు తక్కువైనంత మాత్రాన నష్టం తక్కువ కాదన్న పాఠం నేర్చుకోవడానికి అంత పెద్ద సంస్థకు అంత పెద్ద దెబ్బ తగలవలసివచ్చింది.

అదే 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరమే ప్రపంచ వార్త అయినది. "జ్ఞా" అన్న అక్షరాన్ని కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిపి పంపితే, ఆపిల్ వారి ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోనులలో సందేశాల కార్యక్రమాలు కుప్పకూలినవి. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిచేశారు. పత్రికలు దానిని ప్రమాదకరమైన తెలుగు అక్షరం అన్నట్లు వ్రాసినవి. అక్షరంలో ప్రమాదమేమున్నది? దానిని పేర్చవలసిన కార్యక్రమంలోనే లోపమున్నది. మన గదిలో 12 యంత్రాల విషయంలో జరిగినదీ ఇదే. తేడా ఒక్కటే. లోకమంతా గగ్గోలు పెడితే కొద్ది రోజులలో తీరినది. ఒక చిన్న కళాశాల చెబితే మొదట మూసివేసిన తరువాత తీరినది.

మన కళాశాలలో రెండు భాషలు పక్కపక్కన చదువుకుంటున్నవి. ఈ వ్యవహారంలో మేము గమనించిన ఒక ముచ్చట చెప్పాలి. ఫిర్యాదు, అర్జీ, దాఖలు, నకలు, తనిఖీ, రద్దు, జవాబు: తెలుగువాడు న్యాయం అడగవలసివచ్చినప్పుడు పలికే ఈ మాటలన్నీ అరబీ పారసీకాల నుండి, ఉర్దూ వాకిట తిరిగి, మన భాషలో స్థిరపడినవే. పారసీకంలో ఫర్యాద్ అంటే ఆక్రందన, మొర. మొర పెట్టుకున్నవాడి గొంతు ఆ మాటలో ఉన్నది. దానికి దాఖలు, నకలు, తనిఖీ తోడైతేనే అది నిలుస్తుంది. వట్టి ఆక్రందన గాలిలో పోతుంది. మొర లేని కాగితం కట్టలో పోతుంది.

ఈ కథలో తీరని సంగతి ఒకటి ఉన్నది. లోపం సరియైన తరువాత, ఆంగ్లంలోకి మార్చిన పేర్లను మళ్ళీ వారి వారి లిపులలో వ్రాసుకొమ్మని పిల్లలకు చెప్పాము. అనేకులు వ్రాసుకున్నారు. ఒక అమ్మాయి మాత్రం, "వద్దు సార్, ఇంగ్లీషులోనే ఉండనివ్వండి, మళ్ళీ గొడవ వస్తే" అన్నది. మేము బలవంతపెట్టలేదు. ఒక పంక్తి మారితే యంత్రం బాగుపడింది. ఆమెకు కలిగిన వెనుకాట అంత త్వరగా పోదు. ఫిర్యాదును చదవకుండా మూసేవారి లెక్కలో ఈ నష్టానికి గడి లేదు.

విద్యార్థులారా! రేపు మీరు ఉద్యోగాలలో చేరి, ఇతరుల ఫిర్యాదులు మూసే స్థానంలో కూర్చుంటారు. మూయడానికి ముందు అర్జీదారు చెప్పిన మెట్లు ఒకసారి నడిచి చూడండి. అర్జీదారు స్థానంలో ఉన్నప్పుడు, అవతలివారు చెప్పిన కారణాన్ని ముందు శ్రద్ధగా చదవండి. దానికి సమాధానం రుజువుతో చెప్పండి. పనికిరాని మాటను తీసివేయండి. తేదీ వేసి నకలు ఉంచుకోండి. కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. ఆ ముగ్గురు విద్యార్థులు వ్రాసిన నోటుపుస్తకం కంప్యూటరు గదిలో ఉన్నది. దాని పక్కన ప్రతి సంవత్సరం ఒక కొత్త పుస్తకం, మూడు పాత యంత్రాలు పరీక్షల కోసం కేటాయించగోరుతున్నాము. ఇకమీదట అప్‌డేటు వచ్చినప్పుడు ముందుగా ఆ మూడింటిలో, తెలుగు పేరొకటి, ఉర్దూ పేరొకటి, ఇంగ్లీషు పేరొకటి పెట్టి నడిపి చూచిన పిమ్మటనే మిగిలినవాటిని ముట్టుకుంటాము. ఈసారి ఆగిపోతే, ఫిర్యాదు ఎట్లా వ్రాయాలో మన పిల్లలకు తెలుసు.